పాత డీజిల్ పికప్ పొగ పరీక్షలో నెగ్గాలంటే: ఇంటి దగ్గర తయారీ నుంచి సర్టిఫికెట్ దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏపీ 30, ఏపీ 35 ప్లేట్లతో ఇప్పటికీ తిరుగుతున్న డీజిల్ పికప్‌ల యజమానులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. పొగ ఎక్కువగా ఉందని పొల్యూషన్ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు దగ్గర పడింది, ఇప్పుడు ఏం చేయించాలి? ఏ బండిలో ఏ లోపం ఉందో చూడకుండా చెప్పడం కష్టం గాని, వెతకవలసిన వరుస మాత్రం అన్ని బండ్లకూ ఒకటే: ముందు గాలి, తరువాత డీజిల్, ఆ తరువాత ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌లు, వాటికి డీజిల్ అందించే పంపు, చిట్టచివరికి ఇంజిన్ లోపలి భాగాలు. ఖర్చు కూడా దాదాపు ఇదే వరుసలో పెరుగుతుంది. ఈ వరుసను తలకిందులు చేసి, ముందుగా పంపు విప్పించినవారే ఎక్కువగా నష్టపోతారు.

ఇది డీజిల్ బండ్లకు సంబంధించిన వివరణ. ఎఫ్‌సీకి కావలసిన బ్రేకులు, లైట్లు, రిఫ్లెక్టివ్ టేపు వంటివి వేరే విషయం కనుక వాటి జోలికి పోవడం లేదు.

1. మీ బండికి వర్తించే పరిమితి తెలుసుకోండి

ఆర్‌సీలో ఉద్గార ప్రమాణం ఏమని రాసి ఉందో ముందుగా చూడండి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ (భారత్ స్టేజ్) 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అమలులోకి వచ్చాయి. అందువల్ల 2017కు ముందు మన జిల్లాల్లో కొన్న పికప్‌లు చాలావరకు బీఎస్ 3 లేదా అంతకన్నా పాతవే అయి ఉంటాయి. అయితే హైదరాబాద్‌లో 2010 నుంచే బీఎస్ 4 ఉంది కనుక, అక్కడ రిజిస్టరై సెకండ్ హ్యాండ్‌లో ఇటు వచ్చిన బండి విషయంలో సంవత్సరాన్ని బట్టి ఊహించకుండా ఆర్‌సీనే నమ్మాలి.

పరీక్షలో పొగ సాంద్రతను కె విలువగా లెక్కిస్తారు. పొగ గుండా పోయే కాంతిని ఆ పొగ ఒక్కో మీటరు దూరానికి ఎంత అడ్డుకుంటుందో ఈ విలువ చెబుతుంది.

– బీఎస్ 4కు ముందరి డీజిల్ బండికి గరిష్ఠ పరిమితి 2.45
– బీఎస్ 4 డీజిల్ బండికి 1.62
– బీఎస్ 6 డీజిల్ బండికి 0.7

పాత మెకానిక్‌లు హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో 65 అని, 50 అని చెప్పేవి ఇందులోని మొదటి రెండు పరిమితులే.

సర్టిఫికెట్ బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకు ఏడాది, అంతకు ముందరి వాటికి ఆరు నెలలు చెల్లుతుంది. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ ఏటా చేయించవలసిందే. పరిమితి మించి పొగ వదులుతూ తిరిగితే, మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది.

2. పరీక్ష ఎలా జరుగుతుందో అర్థం చేసుకోండి

గేరు న్యూట్రల్‌లో ఉంచి, సైలెన్సర్ గొట్టంలో ప్రోబ్ పెట్టి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా, కానీ కుదుపు లేకుండా అడుగు దాకా తొక్కుతారు; ఇంజిన్ తన గరిష్ఠ వేగాన్ని అందుకున్నాక వదులుతారు. సైలెన్సర్‌లో పేరుకున్న మసి పోవడానికి మొదట కొన్నిసార్లు ఇలా తొక్కి, తరువాత వరుసగా వచ్చిన రీడింగ్‌లు ఒకదానికొకటి దగ్గరగా నిలకడపడ్డాక వాటి సగటు తీస్తారు. ఇంజిన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీల సెల్సియస్ వేడి అందుకుని ఉండాలి.

దీన్నిబట్టి మూడు విషయాలు గ్రహించాలి. ఒకటి, ఐడిలింగ్‌లో పొగ లేదన్నంత మాత్రాన బండి పాసవుతుందని చెప్పలేము. రెండు, చల్లటి ఇంజిన్‌తో వెళ్తే మీరే నష్టపోతారు. మూడు, ఇంజిన్‌ను గరిష్ఠ వేగానికి తీసుకెళ్తారు కనుక ఆయిల్, కూలెంట్ స్థాయిలు సరిగా లేని బండిని, టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే ఆ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియని బండిని, పరీక్షకు పెట్టడం ప్రమాదం.

3. పొగ రంగు చూడండి

ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, మీరు వెనుక నిలబడి, బాగా వేడెక్కిన ఇంజిన్‌ను రెండు మూడుసార్లు రేస్ చేయించండి. తెల్లటి గోడ గాని, సున్నం వేసిన ప్రహరీ గాని వెనకాల ఉంటే రంగు స్పష్టంగా తెలుస్తుంది.

నల్లటి పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు, లేదా గాలికి మించి డీజిల్ పడుతోంది. నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండకుండానే బయటికి పోతోంది, లేదా హెడ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ పోతుంటే రెండోదే అనుకోవాలి.

మన దగ్గర ఫెయిలయ్యే బండ్లలో నూటికి ఎన్నో లెక్క చెప్పలేను గాని, నేను చూసినవన్నీ దాదాపు నల్లపొగవే. అందుకే తరువాతి రెండు భాగాలు నిదానంగా చదవండి.

4. గాలి దారి: మొదటి పని, చవకైన పని

టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలకు, ఇటుక బట్టీలకు, కంకర లోడ్లకు తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఆ లెక్కలో సగం తిరిగేసరికే ఎయిర్ ఫిల్టర్ బిగుసుకుపోతుంది. కాగితపు ఫిల్టర్‌ను విప్పి, లోపల బల్బు వెలిగించి బయట నుంచి చూడండి. మడతల గుండా వెలుతురు అంతటా సమానంగా కనిపించకపోతే మార్చేయాలి. కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ వేయడం మనకు అలవాటు. ఎక్కువ ప్రెషర్‌తో ఊదితే కాగితం కంటికి కనబడనంతగా చిరిగి, ఆ దారిలో దుమ్ము నేరుగా సిలిండర్ బోరులోకి పోతుంది. పరీక్షకు ముందు కొత్త ఫిల్టర్ వేయడమే మంచిది.

కొన్ని పాత ఇంజిన్లలో ఆయిల్ గిన్నె ఉండే ఎయిర్ క్లీనర్ ఉంటుంది. గిన్నెలో గీత దాకా మాత్రమే ఆయిల్ పోయాలి. "ఇంకొంచెం ఉంటే మంచిదే" అని గీత దాటించి పోస్తే, ఇంజిన్ ఆ ఆయిల్‌ను పీల్చుకుని పొగ పెంచుతుంది.

ఇక టర్బో ఉన్న బండ్ల సంగతి. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇన్‌టేక్‌కు పోయే రబ్బరు హోస్ పైపులలో చీలిక ఉంటే, టర్బో ఒత్తిన గాలి మధ్యలోనే బయటికి పోతుంది. పంపు మాత్రం డీజిల్‌ను పూర్తిగా పంపుతూనే ఉంటుంది. ఫలితం నల్లపొగ.

ఈ పాఠం నాకు డబ్బు ఖర్చయ్యాకే తెలిసింది. నా 2013 మోడల్ పికప్‌కు ఒకసారి 3.4 వచ్చింది. నేను వెళ్లిన వర్క్‌షాపులో నాజిల్‌లు మార్చి, పంపు విప్పి, పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. మళ్లీ పరీక్షకు వెళ్తే 3.1. తిరిగి వస్తూ నరసన్నపేట దగ్గర రోడ్డు పక్కన ఒక పెద్దాయన షెడ్డు ముందు ఆపాను. "ఏటి బావూ, బండి బట్టీలా కక్కుతోంది?" అంటూనే ఆయన చేతి గుడ్డతో హోస్ పైపు అడుగు భాగం తుడిచాడు. పైన చూస్తే అంతా బాగానే ఉంది. అడుగున, క్లాంపు అంచుకు ఆనుకుని, బొటనవేలి గోరంత చీలిక. దాని చుట్టూ నూనె తేమకు దుమ్ము పట్టిన నల్లటి మరక. ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంది. రేస్ చేయగానే పెదవుల్లా తెరుచుకుని బుసకొట్టింది. హోస్ మార్చాక వచ్చిన రీడింగ్ 1.9.

కాబట్టి హోస్‌లను కంటితో పైపైన చూసి వదలకండి. ఒకరు రేస్ చేస్తుండగా, ఫ్యానుకు, బెల్ట్‌కు దూరంగా చేయి ఉంచి, ప్రతి జాయింటు దగ్గర బుసబుస శబ్దం కోసం వినండి. జాయింటు చుట్టూ నూనె మరక కనిపిస్తే ఇంజిన్ ఆపి, క్లాంపు వదులు చేసి, పైపును తిప్పి అడుగు భాగం కూడా చూడండి.

గాలి దారి సరిచూపు:
– ఎయిర్ ఫిల్టర్ కొత్తది, డబ్బా మూత సరిగా కూర్చుంది
– ఫిల్టర్ డబ్బా నోటి దగ్గర ఆకులు, ఎలుక గూడు, గుడ్డ ముక్కలు లేవు
– హోస్‌లన్నీ అడుగు వైపు కూడా చూశాను, క్లాంపులు బిగించాను
– ఇంటర్‌కూలర్ మూలల్లో నూనె చెమ్మ లేదు
– టర్బో చక్రం వేలితో తిప్పితే సాఫీగా తిరుగుతోంది, అటూ ఇటూ కదిపితే గోడకు తగలడం లేదు (ఇంజిన్ పూర్తిగా ఆపి, చల్లారాకనే)

5. డీజిల్ దారి

వానాకాలంలో డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్ పోసుకునే అలవాటు ఉన్నవారు ముందుగా వాటర్ సెపరేటర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, గాజు గ్లాసులోకి కొంచెం డీజిల్ పట్టి చూడండి. అడుగున వేరుగా నీరు నిలిస్తే, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలేయాలి. ట్యాంకు అడుగున మడ్డి ఉంటే అదీ కడిగించాలి.

డీజిల్ ఫిల్టర్ మార్చాక లైనులో చిక్కిన గాలిని చేతి ప్రైమర్‌తో బయటికి తోయాలి. బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగలు లేకుండా డీజిల్ ధారగా వచ్చాకనే బిగించండి. సగం పనిలో వదిలేస్తే ఇంజిన్ తడబడుతుంది, తెల్లపొగ వస్తుంది, తప్పు పంపుది అనిపిస్తుంది.

పొగ తగ్గుతుందని డీజిల్‌లో కిరోసిన్ కలిపే సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. పంపుకూ నాజిల్‌లకూ డీజిలే కందెన. కిరోసిన్‌లో ఆ జిడ్డు చాలదు. ఒక సర్టిఫికెట్ కోసం పంపును అరగదీసుకోవడం బుద్ధి తక్కువ పని.

6. నాజిల్‌లు, పంపు

గాలి దారి, ఫిల్టర్‌లు సరిచేసి, బండిని నాలుగు రోజులు తిప్పాక కూడా నల్లపొగ తగ్గకపోతేనే ఇక్కడికి రండి.

నాజిల్‌లు విప్పించి, పంపు షాపులో టెస్టర్ మీద మీ ఎదుటే కొట్టించి చూడండి. మంచి నాజిల్ నుంచి డీజిల్ పొగమంచులా, అన్ని రంధ్రాల నుంచీ సమానంగా చిమ్ముతుంది. ధారగా కారినా, ఆపిన తరువాత మొనపై చుక్క నిలిచినా అది పొగ పెట్టే నాజిలే. తెరుచుకునే ఒత్తిడి కంపెనీ చెప్పిన కొలతలో ఉండాలి. నాలుగింటికీ సమానంగా ఉండాలి. ఒక్కటి చెడితే ఒక్కటే మార్చి సరిపెట్టుకోవడం కన్నా, నాలుగింటినీ పరీక్షించి నిర్ణయించుకోవడం మేలు.

తిరిగి బిగించేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. నాజిల్ కింద ఉండే రాగి వాషర్ పాతది హెడ్‌లోనే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీదే కొత్త వాషర్ వేసి బిగిస్తారు. దానితో నాజిల్ మొన పైకి లేచి, డీజిల్ చిమ్మవలసిన చోట చిమ్మక పొగ ఇంకా పెరుగుతుంది. పాత వాషర్లు నాలుగూ బయటికి వచ్చాయో లేదో మీరే లెక్కపెట్టుకోండి.

పాత మెకానికల్ పంపుపై డీజిల్ పరిమాణాన్ని నిర్ణయించే స్క్రూకు సీలు ఉంటుంది. లోడ్ లాగడం లేదని ఎప్పుడో ఎవరో ఆ సీలు తెంపి స్క్రూ బిగించి ఉంటారు; సాలూరు ఘాట్ మీదుగా ఒడిశా లోడ్లకు తిరిగిన బండ్లను కొనేటప్పుడు దీన్ని తప్పక అనుమానించాలి. సీలు లేకపోతే పంపును కాలిబ్రేషన్ బెంచి మీద పెట్టించి, కంపెనీ కొలతకు తెప్పించి, మళ్లీ సీలు వేయించండి. పరీక్ష రోజున స్క్రూ వదులు చేసి, సర్టిఫికెట్ చేతికొచ్చాక మళ్లీ బిగించే పద్ధతి అందరికీ తెలిసిందే. బిగించిన మరుక్షణం నుంచే బండి మళ్లీ పరిమితి దాటి తిరుగుతుంది, పిస్టన్‌లు అధిక వేడికి గురవుతాయి, డీజిల్ ఖర్చు కూడా పెరుగుతుంది.

పంపు టైమింగ్, వాల్వ్‌లను నడిపే ట్యాపెట్ల గ్యాప్ కూడా ఈ దశలోనే చూపించండి. ట్యాపెట్ల గ్యాప్ మీ ఇంజిన్ పుస్తకంలో చెప్పినట్టు కొలవాలి. చల్లటి ఇంజిన్ కొలత వేరు, వేడి ఇంజిన్ కొలత వేరు.

డీజిల్‌ను కంప్యూటర్ నియంత్రించే సీఆర్‌డీఐ ఇంజిన్ అయితే స్క్రూలతో పని లేదు. స్కానర్ పెట్టించి, ఎర్రర్ కోడ్‌లను చెరిపించే ముందు వాటిని కాగితంపై రాయించుకోండి. కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది, లోపం పోదు.

7. ఈజీఆర్, క్యాటలిటిక్ కన్వర్టర్

ఈజీఆర్ వాల్వ్ కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపి, మండే వేడిని తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఏర్పడకుండా చూస్తుంది. మసి పట్టి తెరిచిన స్థితిలోనే ఇరుక్కుంటే, రేస్ చేసినప్పుడు తాజా గాలి బదులు పొగే లోపలికి పోయి నల్లపొగ దట్టంగా వస్తుంది. విప్పి, కార్బన్ క్లీనర్‌తో మసి కరిగించి, వాల్వ్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. వాక్యూమ్ గొట్టాలతో పనిచేసే రకమైతే ఆ సన్నటి గొట్టాలు పగిలాయేమో చూడండి; ఎండకు గట్టిపడి విరిగేవి అవే.

దీనికి రేకు ముక్క అడ్డుపెట్టి మూసేయమని చాలామంది చెబుతారు. పొగ మీటరు నైట్రోజన్ ఆక్సైడ్‌లను కొలవదు కనుక రీడింగ్ తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ బండితో వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాన్ని పనిచేయకుండా చేయడం అది. నా మాట వింటే శుభ్రం చేయించండి.

పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో దాన్ని తీసేసి ఖాళీ పైపు వేసి ఉంటే తిరిగి పెట్టించాలి. యాసిడ్‌తో కడిగించకండి. అది వేడెక్కితేనే పనిచేస్తుందన్న సంగతి పరీక్ష రోజుకు గుర్తుంచుకోండి.

సముద్రపు గాలి తగిలే కళింగపట్నం, బారువ వైపు ఊళ్లలో సైలెన్సర్ త్వరగా తుప్పు పడుతుంది. రంధ్రం ఉంటే అతికించండి లేదా మార్చండి.

8. ఇంజిన్ వేడి, ఇంజిన్ లోపల

ఎండలు ఎక్కువని థర్మోస్టాట్ తీసేయించుకున్న బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటి ఇంజిన్ ఎంత నడిపినా సరైన వేడికి చేరడం కష్టమై, డీజిల్ సరిగా మండదు. థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. దానివల్ల బండి హీటెక్కుతుంటే అసలు జబ్బు రేడియేటర్‌లోనో వాటర్ పంపులోనో ఉంది.

ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాటి ఉండకూడదు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపు ద్వారా ఇన్‌టేక్‌లోకి చేరి మండుతుంది.

ఇన్ని చేసినా నీలి పొగ ఆగకపోతే, ఐడిలింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి గాలి దమ్ము కొట్టినట్టు బలంగా ఎగదన్నితే రింగులు, బోరు అరిగాయని అనుమానించి, కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. అన్ని సిలిండర్లలో సమానంగా తక్కువుంటే ఇంజిన్ పనికి సిద్ధపడాలి. ఒక్కదానిలోనే తక్కువుంటే వాల్వ్‌నో గ్యాస్కెట్‌నో ముందు చూడాలి. ఈ స్థితిలో బండి విలువకు, ఇంజిన్ పని ఖర్చుకు పొంతన ఉందా అని లెక్క వేసుకోవడం తప్పు కాదు.

9. పరీక్ష రోజు

బండిని ఖాళీ చేసి, ఊళ్లో చిన్న గేరుల్లో కాకుండా హైవే మీద అరగంట తగ్గకుండా నడపండి. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం దాకా గాని, గజపతినగరం నుంచి విజయనగరం దాకా గాని వచ్చినంత దూరం సరిపోతుంది. వెళ్లాక క్యూ ఉంటే ఇంజిన్ ఆపి చల్లారనివ్వకండి. మీ వంతుకు ముందు రెండు మూడుసార్లు రేస్ చేసి మసి దులపండి.

– ఆర్‌సీ, పాత పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఉన్నాయి
– రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు చేతిలో ఉన్న ఫోన్‌దే
– నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోంది
– యాక్సిలరేటర్ కింద మ్యాట్ అడ్డం లేదు, కేబుల్ పూర్తిగా లాగుతోంది
– హ్యాండ్ బ్రేక్ వేశాను, చక్రాలకు అడ్డు పెట్టాను, ఏసీ ఉంటే ఆపాను

బండి తీసుకెళ్లకుండా సర్టిఫికెట్ తెప్పిస్తామనేవారిని నమ్మకండి. వివరాలు ఆన్‌లైన్‌లో నమోదవుతాయి, సర్టిఫికెట్‌పై క్యూఆర్ కోడ్ ఉంటుంది. రోడ్డు మీద నల్లపొగ కనిపించినప్పుడు ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు.

10. ఫెయిలైతే

2021లో తెచ్చిన ఏకరూప సర్టిఫికెట్ విధానంలో, పరిమితి దాటిన బండికి తిరస్కరణ స్లిప్ ఇవ్వాలి. అడిగి తీసుకోండి. అందులోని రీడింగ్ మెకానిక్‌కు పనికొస్తుంది. యంత్రం మీదే అనుమానం ఉంటే ఆ స్లిప్‌తో మరో కేంద్రంలో పరీక్ష చేయించుకోవచ్చు.

రీడింగ్ పరిమితికి కొద్దిగా మాత్రమే పైన ఉంటే 4, 5, 9 భాగాలలో వదిలేసినదేదో ఉందని అర్థం. బాగా పైన ఉంటే హోస్‌లు, ఈజీఆర్, నాజిల్‌లు ఈ వరుసలో మళ్లీ చూడండి. ప్రతిసారీ ఒక్క పని మాత్రమే చేసి తిరిగి కొలిపించండి. మూడు పనులు ఒకేసారి చేయిస్తే దేనివల్ల తగ్గిందో మీకూ తెలియదు, మెకానిక్‌కూ తెలియదు.

పాసయ్యాక రీడింగ్‌ను, ఆనాటి కిలోమీటర్లను, అప్పుడు మార్చిన సామాన్లను డ్యాష్‌బోర్డులో ఉంచిన చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆరు నెలల తరువాత 1.9 కాస్తా 2.3 అయితే, పరిమితి దాటకముందే ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పవలసిన సమయం వచ్చిందన్నమాట.